చర్మపు లింఫోమా: వైద్యుడు రోగికి చెప్పు మాట

నడుము క్రిందనో, తొడమీదనో, పంచె ముడి మరుగుననో ఒక మచ్చ పుట్టును. అది నొప్పి పెట్టదు. ఒక్కొక్కప్పుడు దురద పెట్టును, ఒక్కొక్కప్పుడు అదియు ఉండదు. మందుల దుకాణములో అడిగి తెచ్చుకొన్న పూతమందు రాసినచో కొంత వెలవెలబోవును, మానినచో మరల పైకి తేలును. తామర యనువారు కొందరు, రక్తము చెడినదనువారు కొందరు. ఈ విధముగా రెండేండ్లు, మూడేండ్లు, ఒకప్పుడు పదియేండ్లు గడచిన పిమ్మట ఒక పెద్ద ఆసుపత్రిలో చర్మవైద్యుడు చిన్న ముక్క తీసి పరీక్షకు పంపును. ఆ పరీక్షాపత్రము తిరిగి వచ్చిన దినమున వైద్యుని యెదుట ఒక కఠినమైన పని నిలుచును. ఇన్నాళ్ళు ఉత్త చర్మవ్యాధియని పిలువబడినదానిని ఇకమీదట ఏమని పిలువవలెను?

పత్రములో సాధారణముగా కనబడు పేరు "మైకోసిస్ ఫంగాయిడిస్". చర్మమందే పుట్టు లింఫోమాలలో సగమునకు దగ్గరగా ఈ జాతివే. ఈ పేరులోనే ఒక చిక్కు కలదు. 1806లో పారిస్ నగరమందలి సెయింట్ లూయీ ఆసుపత్రిలో అలీబేర్ అను వైద్యుడు ఒక రోగి దేహముపై పుట్టగొడుగులవలె లేచిన కంతులను చూచెను. వాని ఆకృతినిబట్టి తరువాతి కాలమున ఈ మాటను కల్పించెను. అంతకు మించి పుట్టగొడుగునకు గాని, బూజునకు గాని, తామరను కలిగించు శిలీంధ్రమునకు గాని ఈ వ్యాధితో సంబంధము లేదు. ఐనను పేరు రెండు శతాబ్దములుగా నిలిచిపోయినది. చదువుకొన్న రోగి "మైకోసిస్" అనగా శిలీంధ్ర వ్యాధియని ఎచ్చటనో చదివి, మరల తామర పూతమందునే కొనుక్కొనినచో తప్పు అతనిది కాదు. కావున ఈ పేరును విప్పి చెప్పుట వైద్యుని మొదటి పని.

వ్యాధి స్వభావము ఇట్టిది. రక్తములోని తెల్లకణములలో లింఫు కణములనునవి ఒక తెగ. ఆ తెగలో థైమస్ అను గ్రంథియందు పక్వమైనవానిని టి కణములందురు. వీనిలో కొన్నిటికి చర్మమును కాచుట పని. బయటినుండి క్రిమి వచ్చినపుడు చర్మములోనికి చేరి, పని తీరగానే తొలగిపోవుట వాని ధర్మము. మైకోసిస్ ఫంగాయిడిస్ నందు ఒకే కణమునుండి పుట్టిన సంతతి అదుపు తప్పి, పిలుపు లేకున్నను చర్మపు పైపొరలో చేరి, అచ్చటనే తిష్ఠ వేయును. పైకి కనబడు మచ్చలు వాని బసలే. 1870లో బజాన్ అను మరియొక ఫ్రెంచి వైద్యుడు ఈ వ్యాధికి మూడు దశలను వర్ణించెను: పలుచని మచ్చ, దళసరియైన మచ్చ, కంతి. 1938లో ఆల్బేర్ సెజారీ ఒళ్ళంతయు ఎర్రబారి, లింఫు గ్రంథులు వాచి, రక్తములో కూడ వికృత కణములు తిరుగు ఒక రూపమును వర్ణించెను. దానికి సెజారీ సిండ్రోము అని పేరు. 1975 ప్రాంతమున అమెరికా పరిశోధకులు ఈ రెంటిని, వీనిని పోలిన మరికొన్నిటిని చేర్చి "చర్మపు టి కణ లింఫోమా" అను ఉమ్మడి పేరు పెట్టిరి. చర్మవైద్యుల వార్డులో నూరేండ్లకు పైగా ఉండిన వ్యాధి ఆ నాటితో కాన్సరు వైద్యుల పట్టికలో కూడ చేరెను.

ఇది అరుదైన వ్యాధి. అమెరికాలో 1973 మొదలు 2002 వరకు తీసిన లెక్కలలో చర్మపు టి కణ లింఫోమా ఏటేట పదిలక్షల జనములో సుమారు ఆరుగురికి క్రొత్తగా కనబడెను. ఒక గ్రామ వైద్యుడు తన జీవితకాలమందు ఒక్క రోగినైన చూడకపోవచ్చును. పేరు తేలుటకు ఏండ్లు పట్టుటకు ఇది ఒక కారణము. రెండవ కారణము వ్యాధిలోనే కలదు. తొలిదశలో మచ్చ ఎగ్జిమాను, సోరియాసిస్‌ను ఎంత చక్కగా అనుకరించుననగా, సూక్ష్మదర్శిని క్రింద కూడ ఆరితేరిన కన్ను తడబడును. అందులకు తోడు స్టెరాయిడు కలిసిన పూతమందులను ఎడతెగక రాసినచో చర్మములోని కణములు తాత్కాలికముగా తగ్గి, తీసిన ముక్కలో సాక్ష్యము దొరకదు. ముక్క తీయుటకు ముందు కొన్ని వారములు పూతమందు ఆపుడని వైద్యుడు చెప్పునది ఇందుకే. రోగి దానిని నిర్లక్ష్యముగా భావించి మరియొక వైద్యుని చూచుకొనుటయు కలదు.

మన దేశమందు మూడవ కారణమొకటి కలదు. నల్లని, చామనచాయ చర్మముగలవారిలో, ముఖ్యముగా పిల్లలలోను యువకులలోను, ఈ వ్యాధి ఎర్రని మచ్చగా గాక తెల్లని మచ్చగా పైకి తేలును. తెల్లమచ్చ యనగానే తెలుగు ఇంటిలో మొదట కలుగు భయము కుష్ఠు, రెండవది బొల్లి. రెంటికిని పెండ్లి సంబంధములు తప్పిపోవును. కుష్ఠు మచ్చయందు సాధారణముగా స్పర్శజ్ఞానము తగ్గును, దూదిపోగు తగిలినను తెలియదు. లింఫోమా మచ్చయందు స్పర్శ చెడదు. ఈ చిన్న పరీక్ష చాలవరకు దారి చూపును, కాని ప్రతిసారి కాదు. కుష్ఠుకు మందులు వాడి వాడి, మచ్చలు తగ్గనందున ముక్క తీసి చూడగా లింఫోమాయని తేలిన ఉదంతములు వైద్య పత్రికలలో ప్రకటితమైనవి. ఇట్టి తెల్లమచ్చల రూపము సాధారణముగా నిదానమైనది, కాంతి చికిత్సకు చక్కగా లొంగునది. ఈ సంగతి చెప్పకుండ వ్యాధి పేరు మాత్రము చెప్పినచో రోగికి సగము నిజమే చేరినట్లు.

ఇచట ఒక మాటను గూర్చి ఆగవలెను. రోగి "ఇది పెద్దరోగమా?" యని అడుగును. పట్టణములో చదివిన వైద్యుడు ఆ మాటను కాన్సరు అను అర్థముతో తీసికొని తడబడును. తెలుగు పల్లెలలో పెద్దరోగమనగా కుష్ఠు. అడుగుచున్నది అంటువ్యాధి గూర్చి, వెలివేత గూర్చి. ఆ ప్రశ్నకు సంకోచము లేని సమాధానము కలదు: కాదు, అంటదు, ఒకే కంచములో తినవచ్చును, ఒకే పక్కమీద పడుకొనవచ్చును. ఈ సమాధానము మొదట చెప్పి, కాన్సరు మాట తరువాత చెప్పిన వైద్యుడు రోగి వినగల క్రమములో చెప్పినవాడగును.

కాన్సరు మాటను చెప్పవలెనా వద్దా యనునదే వైద్యులలో అభిప్రాయభేదమునకు మూలము. ఒకే వ్యాధిని ముగ్గురు వైద్యులు మూడు విధములుగా చూతురు. చర్మవైద్యుడు దీనిని ఏండ్ల తరబడి సాగు చర్మవ్యాధిగా చూచును. అతని రోగులలో పెక్కుమంది పదునైదు, ఇరువది యేండ్లుగా వచ్చి పోవుచున్నవారు, మచ్చలతోనే పనిపాటలు చేసికొనువారు. కాన్సరు వైద్యుని కడకు వచ్చువారు కంతులు లేచినవారు, గ్రంథులు వాచినవారు. కనుక అతని కండ్లకు ఇది మరియొక రూపము దాల్చును. సూక్ష్మదర్శిని కడ కూర్చుండు పాథాలజిస్టు రోగిని చూడడు, కణములనే చూచును. "సూచించుచున్నది", "పొసగుచున్నది", "రోగ లక్షణములతో పోల్చి చూడుడు" అను జాగ్రత్త మాటలు అతని పత్రములో నుండును. రోగి ఈ ముగ్గురి మాటలను విడివిడిగా వినును. ఒకరు "భయపడకండి, చర్మానికి సంబంధించినదే" అందురు. ఒకరు స్కాను వ్రాసి ఇత్తురు. మూడవవారి పత్రము ఏదియు తేల్చి చెప్పదు. ముగ్గురు చెప్పినదియు నిజమే, కాని రోగికి వినబడునది పరస్పర విరోధము. అబద్ధమాడినవారెవరో తేల్చుకొనలేక అతడు నాటువైద్యము వైపు తిరుగుట ఆశ్చర్యము కాదు.

కాన్సరు మాటను దాచువారి వాదమును తేలికగా కొట్టివేయుటకు వీలులేదు. రాచపుండు అను పాతమాటకు తెలుగువారి మనస్సులో ఒకే అర్థము కలదు: కొన్ని నెలలలో చావు. తొలిదశలోని మైకోసిస్ ఫంగాయిడిస్‌కు ఆ అర్థము పొసగదు. పొసగని మాటను ఎందుకు వాడవలెనని వారడుగుదురు. ఐనను దాచుటలో అంతకు మించిన హాని కలదు. చికిత్సకై కాన్సరు విభాగమునకు చీటి వ్రాసి ఇచ్చిన దినమున ఆ చీటిమీది అక్షరములనుబట్టి రోగికి ఎట్లును తెలియును. గుమాస్తా నోటనో, ప్రక్క బల్లమీది మరియొక రోగి నోటనో తెలిసినపుడు, ఇంతకాలము చూచిన వైద్యుని ప్రతి మాటయు అనుమానాస్పదమగును. తరువాత అతడు నిజముగా "ఇది నెమ్మదైన వ్యాధి" యని చెప్పినను నమ్మువారుండరు. అందుచేత వ్యాధి పేరును, దాని వేగమును ఒకే వాక్యములో చెప్పుట మేలు. ఒకటి చెప్పి రెండవదానిని వచ్చే నెలకు వాయిదా వేయరాదు.

అట్టి సంభాషణ ఎట్లుండవలెనో చూపుటకు నలుబదియైదేండ్ల ఒక చేనేత కార్మికుని ఊహించుకొనవచ్చును. భార్యయు వెంట వచ్చినది. వైద్యుడు పత్రమును బల్లమీద బోర్లించి పెట్టి, మొదట అతనినే అడుగును.

"ఈ మచ్చలు ఏమై ఉంటాయని మీరు అనుకుంటున్నారు?"

"తామరేనండి. మావాళ్ళు మాత్రం పెద్దరోగమేమోనని భయపడుతున్నారు."

"ఆ రెండూ కాదు. ఎవరికీ అంటదు. మీ పిల్లలకు మీ నుంచి వచ్చేదీ కాదు. ఒంటిని కాపాడే తెల్లకణాలు కొన్ని అదుపు తప్పి చర్మంలో పోగైనాయి. దీన్ని చర్మపు లింఫోమా అంటారు. కాన్సరు జాతిలోదే, కాని చాలా నెమ్మదైనది. మీకిప్పుడున్న దశలో ఇది చక్కెరవ్యాధిలాగ ఏళ్ళ తరబడి కనిపెట్టుకుని ఉండవలసిన జబ్బు."

కొంతసేపు ఎవరును మాటలాడరు. ఈ మౌనమును మాటలతో నింపకుండుట మంచి వైద్యుని లక్షణము. తరువాత భార్య అడుగును.

"పథ్యం ఏమన్నా ఉందాండి? వంకాయ, గోంగూర మానిపించాం."

"మళ్ళీ పెట్టండమ్మా. తిండికీ దీనికీ సంబంధం లేదు."

పథ్యము ప్రశ్నను చులకన చేయరాదు. వ్యాధిపై తమ చేతిలో ఏమైన ఉన్నదా యని ఆ యింటివారు అడుగు పద్ధతియది. లేదని ఊరకొనక, చేతిలో ఉన్న పనిని చూపవలెను. అట్టి పని యొకటి నిజముగా కలదు. వ్రేళ్ళతో కూడ రోగి అరచేయి అతని చర్మములో సుమారు నూటికి ఒకపాలు. మచ్చలన్నియు కలిసి ఎన్ని అరచేతులగునో ఇంటివారే కొలువవచ్చును. పది అరచేతులకు లోబడి, కంతులు లేక, గ్రంథులు వాయక ఉన్నచో దానిని మొదటి దశలో మొదటి మెట్టు అందురు. 1996లో అమెరికాలోని స్టాన్‌ఫర్డు వైద్యులు ఈ మెట్టులోని రోగుల దీర్ఘకాలపు లెక్కలను ప్రకటించిరి. వారి ఆయుర్దాయము అదే వయస్సుగల సామాన్య జనుల ఆయుర్దాయమునకు తక్కువ కాలేదు. వారిలో కొద్దిమందికే వ్యాధి పై మెట్టునకు ఎక్కెను. దశ యనునది రైలు స్టేషను వంటిది కాదు. ఒకటి దాటిన పిమ్మట రెండవది వచ్చి తీరవలెనను నియమము లేదు. "మొదటి దశ" యని విన్న రోగి నాలుగవదానికై ఎదురుచూచుచు కూర్చుండకుండ ఈ మాట కూడ చెప్పవలెను.

"నయమవుతుందా?" అను ప్రశ్న తప్పదు. ఇచట వైద్యుల తడబాటు ఎక్కువ. మచ్చలు పూర్తిగా మాసిపోవచ్చును, నెలలు, ఏండ్లు కనబడకపోవచ్చును. మరల రావచ్చును కూడ. "అదుపులో ఉంటుంది" అనుట నిజము. "నయమైపోతుంది" అనినచో మచ్చ తిరిగి వచ్చిన దినమున చికిత్స విఫలమైనదని రోగి తలచును. "నయం కాదు" అని మాత్రమే అనినచో మందు వాడుట మానివేయును.

కాన్సరు అని చెప్పి పూతమందు వ్రాసి ఇచ్చుట చాలమందికి నమ్మశక్యము కాదు. డబ్బు లేదని తక్కువ వైద్యము చేయుచున్నారేమోయని అనుమానింతురు. ఈ అనుమానమునకు స్పష్టమైన సమాధానము కలదు. అమెరికా జాతీయ కాన్సరు సంస్థ 103 మంది రోగులను రెండు పాళ్ళు చేసి, ఒక పాలునకు ఆరంభమునుండియే ఎలక్ట్రాను కిరణములు, తీవ్రమైన కీమో మందులు కలిపి ఇచ్చెను. రెండవ పాలునకు పూతమందులతో ఆరంభించి అవసరమును బట్టి క్రమక్రమముగా చికిత్స చేసెను. 1989లో ఫలితము వెలువడెను. తీవ్ర చికిత్స పొందినవారి మచ్చలు ఎక్కువగా మాసినవి, బాధలును ఎక్కువైనవి, కాని వారు అధిక కాలము జీవింపలేదు. తొలిదశలో మెల్లని వైద్యమే సరియైన వైద్యమని అప్పటినుండి స్థిరపడినది.

ఆ మెల్లని వైద్యములో స్టెరాయిడు పూతలు, మెక్లోరెథమీను పూత, అతినీలలోహిత కాంతి చికిత్స ముఖ్యమైనవి. మెక్లోరెథమీను మొదటి ప్రపంచ యుద్ధకాలపు మస్టర్డు వాయువుకు దగ్గరి చుట్టమైన రసాయనము. కాంతి చికిత్సలో ఒక పద్ధతికి ముందుగా సోరాలెన్ అను ద్రవ్యమును ఇత్తురు. మన ఆయుర్వేదమున బొల్లికి అనాదిగా వాడిన బావంచాలలో ఉన్నది ఈ తెగ ద్రవ్యమే. ఐనను బావంచాలు నూరి పూసికొని ఎండలో నిలుచుట దీనికి బదులు కాదు, ఒళ్ళు బొబ్బలెక్కును. ఆసుపత్రిలో కాంతి కొలతప్రకారము ఇయ్యబడును, వారమునకు రెండు మూడు పర్యాయములు, నెలల తరబడి. వైద్యుడు "వారానికి మూడుసార్లు రండి" అని తేలికగా చెప్పు మాటకు మగ్గము ఆగిపోవుట, బస్సు ఖర్చు, కూలి పోవుట అని అర్థము. చికిత్స మధ్యలో మానివేసినవారిని మందలించుటకు ముందు ఈ లెక్క వేసికొనవలెను. కొన్నియెడల పూతమందుతో ఇంటియొద్దనే జరుపుటకు వీలగును.

వ్యాధి ముదిరినవారి విషయము వేరు, దానిని మృదువైన మాటలలో ముంచరాదు. కంతులు లేచి పుండ్లుపడుట, చంకలలో, గజ్జలలో బిళ్ళలు కట్టుట, ఒళ్ళంతయు ఎర్రబారి పొట్టు రాలుట, నిద్రపట్టనీయని దురద, ఇవి త్వరగా రావలసిన గుర్తులు. చిట్లిన చర్మముద్వారా సూక్ష్మజీవులు ప్రవేశించుట వలననే ఈ దశలో పెక్కు మరణములు కలుగును. కనుక జ్వరము వచ్చినచో మరుసటి తేదీకై ఆగరాదు. దేహమంతటికి ఇచ్చు ఎలక్ట్రాను కిరణ చికిత్స ఈ దశలో ఉపయోగపడును. ఆ కిరణములు కొద్ది మిల్లీమీటర్ల లోతునకే పోవును, లోపలి అవయవములను తాకవు. మన దేశమందు కొన్ని పెద్ద ఆసుపత్రులలోనే ఈ సౌకర్యము కలదు. రక్తమును బయటికి తీసి, కాంతి సోకించి తిరిగి ఎక్కించు పద్ధతి 1987లో ప్రకటితమై సెజారీ రోగులకు మేలు చేసెను. 2018లో మొగములిజుమాబ్ అను క్రొత్త మందునకు అమెరికాలో అనుమతి లభించెను, కాని దాని వెల సామాన్యునికి అందునది కాదు. అందనిదానిని అందదని చెప్పుటయు వైద్యుని పనియే. ఆశ చూపి ఇల్లు వాకిలి అమ్మించుట కంటె అది మేలు.

కొన్ని యిండ్లలో కుమారుడు ముందుగా లోనికి వచ్చి, "నాన్నగారికి చెప్పకండి డాక్టరుగారూ, తట్టుకోలేరు" అని బతిమాలును. వైద్యుడు అతనిని కసరరాదు, ఆ ప్రేమ నిజమైనది. కాని ఇది ఆరు నెలలలో తీరు వ్యాధి కాదు. ఇరువది యేండ్లు ఒక పెద్దమనిషిచేత పేరు చెప్పకుండ మందు పూయించుట ఎవరివలనను కాదు. వీపుమీది మచ్చలను ఎవరో చూడవలెను, తానెందులకు ఆసుపత్రికి వచ్చుచున్నాడో ఆయనకు తెలియవలెను. "ఆయనకు ఎంత తెలుసుకోవాలని ఉందో ఆయన్నే అడుగుదాం, మీరూ పక్కనే ఉండండి" అని వైద్యుడు కుమారునితో అనవచ్చును. చాలసార్లు ఆ పెద్దమనిషి అప్పటికే సగము ఊహించియుండును. తాను ఊహించినది ఇంటివారికి తెలియనీయక దాచుచుండును.

ఒక్కసారి చెప్పినంతమాత్రమున పని తీరదు. కాన్సరు అను మాట చెవిలో పడిన పిమ్మట ఆ దినమున చెప్పిన తక్కినదంతయు రోగి జ్ఞాపకములో నిలువదు. వ్యాధి పేరు, దశ, రాయవలసిన మందు, తిరిగి రావలసిన తేదీ ఒక కాగితముపై తెలుగులో వ్రాసి ఇచ్చి, రెండు వారములలో మరల పిలిచి, మొదటినుండి చెప్పవలెను. రోగి తన వంతుగా మచ్చల ఛాయాచిత్రములను మూడు నెలలకొకసారి ఒకే వెలుతురులో తీయించి ఉంచుకొనవలెను. చర్మపు ముక్క పరీక్షాపత్రమును, వీలైనచో ఆ ముక్కను భద్రపరచిన మైనపు దిమ్మెను ఆసుపత్రినుండి అడిగి తెచ్చుకొని దాచవలెను. ఏండ్లు గడచిన పిమ్మట మరియొక ఊరిలో, మరియొక వైద్యుడు క్రొత్త ముక్కను పాతదానితో పోల్చి చూడగోరినపుడు ఆ దిమ్మెయే ఆధారమగును.